మూడుసార్లూ అదే అంకె

పెద్దమ్మకి చెంచాతో నాలుగు ముద్దలు పెట్టడానికి బుల్లికి పూటకి ముప్పావుగంట పట్టేది. చేతులు పడిపోయిన మనిషి కాదు పెద్దమ్మ. రెండు చేతులూ నిక్షేపంగా ఉన్నాయి. వాటిని ఒళ్ళో పెట్టుకుని, ఎవరివో తెచ్చి తన ఒళ్ళో పడేసినట్టు చూస్తూ కూర్చునేది. కంచం ముట్టుకోమంటే ముట్టుకోదు, గ్లాసు పట్టుకోమంటే పట్టుకోదు. "ఈ చేతులు మంచివి కావే, నువ్వే పెట్టు" అనేది. ఏడు నెలలుగా ఇదే వరస. కింది వాటాలో ఉండే ముసలాయన మెట్ల మీద ఎదురైనప్పుడల్లా, కన్నకూతురు కూడా ఇంత చెయ్యదమ్మా అని బుల్లిని మెచ్చుకునేవాడు. ఆ మాట వినపడగానే బుల్లి గబగబా పైకి వెళ్ళిపోయేది. ఎందుకో తెలియాలంటే ముందు ల్యాబు సంగతి చెప్పాలి.

బుల్లికి ముప్పై నాలుగేళ్ళు. ల్యాబులో అందరూ మేడం అంటారు, బుల్లి అని పిలిచేది పెద్దమ్మ ఒక్కతే. నాలుగేళ్ళప్పుడు తల్లి పోతే తల్లి అక్కగారే తెచ్చుకుని పెంచింది. ఆవిడ ఆ ల్యాబులోనే గాజుసామాను కడిగేది. ఒకటీ రెండూ కాదు, ఇరవై రెండేళ్ళు కడిగింది. ఆ సింకు పక్కన ఎత్తుపీట మీద కూర్చుని పాఠాలు వల్లెవేసిన పిల్లే పెద్ద చదువు చదివి, అదే ల్యాబులో తెల్లకోటు తొడుక్కుంది. బుల్లి ఉద్యోగంలో చేరిన రోజున పెద్దమ్మ సింకు దగ్గర్నుంచి కదలకుండా, వచ్చేపోయేవాళ్ళందరికీ "మా పిల్లే, అదిగో ఆ మూడో గది" అని చూపించింది. అప్పట్నుంచి ల్యాబంతటికీ ఆవిడ పెద్దమ్మే అయింది.

బుల్లి పని కొలవడం. సబ్బు జాతి పదార్థాలకి ఒక గుణం ఉంది. వాటి అణువుకి ఒక కొస నీళ్ళంటే పడి చస్తుంది, రెండో కొసకి నీళ్ళు గిట్టవు. నీళ్ళలో కొద్దిగా వేస్తే ఎవరి దారి వాళ్ళదే. ఒక హద్దు దాటేసరికి నీళ్ళు గిట్టని తోకలన్నీ లోపలికి ముడుచుకుని ఉండ కడతాయి. ఆ ఉండని మైసెల్ అంటారు. నీళ్ళలో కరగని మందుని ఆ ఉండల కడుపులో దాచి రోగి నరంలోకి ఎక్కించవచ్చు. తిరకాసు ఎక్కడంటే, నీళ్ళు పోసి పలచన చేసేకొద్దీ ఒకచోట ఉండలు విచ్చిపోతాయి. లోపలి మందు రవ్వలు రవ్వలుగా బయటపడుతుంది. సీసాలో పడితే సీసా పారేస్తాం. మనిషి నరంలో పడితే ఏం పారేస్తాం?

ఆ హద్దు కంటికి కనపడదు. దాన్ని పట్టుకోవడానికి పైరీన్ అనే పదార్థాన్ని వేగులా లోపలికి పంపుతారు. నలుసంత కూడా అక్కర్లేదు. కంటికి కనపడని కాంతిని దానిమీద పడేస్తే అది నీలంగా వెలుగుతుంది, ఆ వెలుగుని మిషను ఐదు శిఖరాలుగా గీస్తుంది. చుట్టూ నీళ్ళుంటే మొదటి శిఖరం మూడోదానికన్నా చాలా ఎత్తు. పైరీన్ ఉండలోకి దూరిందా, మొదటిది దిగివస్తుంది. చిక్కటి సీసా దగ్గర్నుంచి పలచటి సీసా దాకా పద్దెనిమిది సీసాలు కొలిస్తే, ఆ రెండు శిఖరాల తేడా ఏ సీసాల మధ్య ఒక్కసారిగా మారుతుందో అక్కడే హద్దు ఉన్నట్టు.

ఒక మందుల కంపెనీ తన కొత్త సూదిమందు కోసం ఆ హద్దు తేల్చమని ల్యాబుకి పని అప్పగించింది. ల్యాబు పెద్దాయన, అందరూ సారు అంటారు, ఆ పని బుల్లికిచ్చాడు. వారం రోజుల గడువు. బుల్లి మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ అదే అంకె వచ్చింది. పిసరంత తేడా లేదు. సారు ఆ కాగితం చూసి, "ఇదమ్మా పని అంటే" అన్నాడు. చాలా తక్కువ అంకె అది. అంటే ఉండలు గట్టివి, ఎంత పలచన చేసినా చెక్కుచెదరవు, మందుని పెద్ద సెలైన్ సంచీలో కలిపి తాపీగా ఎక్కించవచ్చు. కంపెనీ అలాగే చేసింది. మందు ప్రయత్నించిన మొదటి పదకొండు మందిలో ముగ్గురు పోయారు. ఒక బడిపంతులు, ఒక వడ్రంగి, ఇరవై రెండేళ్ళ అమ్మాయి. సంచీలోనే మందు రవ్వకట్టిందని, ఆ రవ్వలు ఊపిరితిత్తుల్లో అడ్డుపడ్డాయని డాక్టర్లు తేల్చారు. ఇంకో ల్యాబులో కొలిపిస్తే అసలు హద్దు బుల్లి చెప్పినదానికి నాలుగింతలని వచ్చింది.

విచారణ ల్యాబులోనే జరిగింది. పొడుగాటి బల్లకి ఒకవైపు విచారణకొచ్చిన ముగ్గురు, రెండోవైపు సారు, బుల్లి. పెద్దమ్మని కూడా పిలిచారు. కుర్చీ చూపించినా కూర్చోకుండా తడి చేతులు పైటకి తుడుచుకుంటూ గుమ్మం దగ్గరే నిలబడింది.

"మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ ఒకేలా తప్పు రావడం మామూలుగా జరగదు" అన్నాడు సారు. ఆ మాట నిజంగా నమ్మే అన్నాడు. "మా అమ్మాయి కొలతలో లోపం లేదు. కువెట్‌లో ఏదో అంటుకుని ఉండాలి. పలచటి సీసాల్లో ఆ కాస్త చాలు, లేని ఉండలు ఉన్నట్టు చూపించడానికి."

కువెట్ అంటే మిషనులో పెట్టే వేలెడు గాజు డబ్బా. మామూలు గాజు కాదు, ఖరీదైన స్ఫటికం. కొలిచే నీళ్ళు అందులో పోస్తారు.

అంటుకుని ఉండాలి అన్న మాట బుల్లి చెవిన పడింది. ఒక్క క్షణంలో అంతా అర్థమైపోయింది. ఎప్పుడూ పలచటి సీసాతో మొదలుపెట్టి చిక్కటిదాని వైపు వెళ్ళాలి. ఈ పనిలో మొదటిరోజు నేర్పే పాఠం అది. బుల్లే ఎంతమందికో నేర్పింది. కాని ఆ వారం గడువు ముంచుకొస్తోంది. సీసాలు తయారుచేసేది చిక్కటిదానితో మొదలుపెట్టే కదా. ముందు చిక్కటిది కలిపి, అందులో సగం తీసి నీళ్ళు కలిపి, మళ్ళీ అందులో సగం తీసి, అలా పద్దెనిమిది. అన్నీ అయ్యాక కూర్చుని కొలిస్తే రెండు గంటలు దండగని, ఒక్కో సీసా కలపగానే దాన్ని అప్పటికప్పుడే కొలిచేసింది. ఒకటే కువెట్. మధ్యలో కాసిన్ని నీళ్ళతో తొలిపింది. చిక్కటి సీసాల జిడ్డు గోడలకి పట్టి, పలచటి సీసాల్లోకి దిగింది. మూడుసార్లూ అదే వరసలో కొలిచింది కాబట్టే మూడుసార్లూ అదే అబద్ధం వచ్చింది.

"కువెట్లు ఎవరు కడుగుతారు?" అని అడిగాడు విచారణకొచ్చిన వాళ్ళలో పెద్దాయన.

"నేనేనండి" అంది పెద్దమ్మ.

"సబ్బుతోనా?"

"అయ్యో, వాటికి సబ్బు తగలనివ్వమండి. శుద్ధమైన నీళ్ళు, ఆ తర్వాత స్పిరిట్. అంతే."

"ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా సబ్బునీళ్ళ తొట్టెలో పడలేదని ఖచ్చితంగా చెప్పగలరా?"

పెద్దమ్మ ఆలోచించింది. ఆవిడ అలాంటి మనిషి. ఇంకెవరైనా అయితే, పడలేదండీ అని ఒక్క ముక్కతో తేల్చేసేవాళ్ళు. పెద్దమ్మ మాత్రం ఇరవై రెండేళ్ళూ వెనక్కి వెళ్ళి, తొట్టెలన్నీ వెతుక్కుంది.

"ఒక్కసారి కూడా అంటే ఎలా చెప్పనండీ. చెయ్యి జారి పడిందేమో. పడలేదని నా నోటితో ఎలా అనను?"

పెద్దాయన కాగితం తిప్పి, కలం కోసం జేబు తడుముకున్నాడు. ఆ కాసేపూ బుల్లిది. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. బల్లమీద నీళ్ళగ్లాసు కింద ఏర్పడిన తడి గుండ్రాన్ని చూస్తూ కూర్చుంది. రేపు చెబుదాం, ముందు ఒకసారి సరిచూసుకుందాం, ఊరికే అనుమానం మీద ఎలా చెప్పడం, అని తనకి తాను సర్దిచెప్పుకుంది. చదువుకున్న భయానికి సాకులు వెతుక్కోవడం తేలిక. విచారణ వాళ్ళు ఏదో రాసుకున్నారు. వారం తిరక్కుండా పెద్దమ్మని పనిలోంచి తీసేశారు. కేసు పెట్టలేదు. పాపం చదువురాని మనిషి, తెలియక జరిగిన పొరపాటు అని రాసి ఫైలు కట్టేశారు. సారు స్వయంగా వీధి గేటు దాకా వచ్చి సాగనంపాడు.

పెద్దమ్మ ఇంటికొచ్చి చేతులు కడుక్కుంది. అదే మొదలు. రోజుకి పదిసార్లు, తర్వాత ముప్పైసార్లు, చర్మం చిట్లి నెత్తురొచ్చేదాకా కడిగింది. తర్వాత కడగడం మానేసి, దేన్నీ ముట్టుకోవడం మానేసింది. డాక్టరు మాత్రలు రాశాడు, మెల్లిగా తగ్గుతుందన్నాడు. తగ్గలేదు. ముగ్గురు మనుషుల్ని పొట్టనపెట్టుకున్న చేతులివి అని గోడవైపు తిరిగి చెప్పుకునేది. బుల్లి తల దువ్వేది, స్నానం చేయించేది, ముద్ద పెట్టేది. ఎంత శ్రద్ధగా చేస్తే అంతగా నోరు మూసుకుపోయేది. ఇవాళ చెప్పాలనుకోవడం, ఇంత నీరసంగా ఉంది కదా రేపు చూద్దాంలే అనుకోవడం. ఏడు నెలలు అలా గడిచాయి.

ఒకరోజు బుల్లి పని నుంచి వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. పెద్దమ్మ లేదు. వీధి చివరిదాకా వెతికి, కింది ముసలాయన్ని లేపి అడిగి, బస్టాపు దాకా పరిగెత్తి మళ్ళీ ఇంటికి వచ్చేసరికి పెద్దమ్మే తలుపు మోచేత్తో తోసుకుంటూ వచ్చింది. మొహం కడిగినట్టు ప్రశాంతంగా ఉంది.

"ఆ అమ్మాయి వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళొచ్చానే" అంది.

"ఏ అమ్మాయి?"

"అదే, ఇరవై రెండేళ్ళ పిల్ల. పేపర్లో వీధి పేరు వేశారని అప్పట్లో అందరూ చెప్పుకున్నారుగా, అడుగుతూ వెళ్ళాను. మెట్ల మీద కూర్చుని చెప్పానే, అమ్మా నీ కూతుర్ని చంపింది నేనే, కావాలని కాదు, నా చెయ్యి జారింది అని. ఆవిడ ముందు వెళ్ళిపొమ్మంది. తర్వాత మళ్ళీ వచ్చి తనూ నా పక్కన కూర్చుంది. చాలాసేపు ఏడ్చింది. వెళ్ళేటప్పుడు, సరే పోనీయండి, మీ మీద నాకు కోపం లేదు అంది. నీళ్ళిచ్చిందే. గ్లాసు నేను పట్టుకోనంటే తనే తాగించింది."

బుల్లి తలుపు వేసి వచ్చింది. అబద్ధం ఇన్నాళ్ళూ ఈ రెండు గదుల్లోనే ఉందనుకుంది. అది వీధులు దాటి, బస్సెక్కి, బిడ్డ పోయిన తల్లి ఇంటి మెట్ల మీద కూర్చుని కన్నీళ్ళు పెట్టించి వచ్చింది.

మూలన పడేసిన ఆ మందు నమూనా వెతికి పట్టుకోవడానికి వారం పట్టింది. అది దొరికిన రోజు ల్యాబులో, పెద్దమ్మ చెయ్యి ఎన్నడూ తగలని కొత్త కువెట్ తీసుకుని, అదే మందు ఉండల్ని రెండు వరసల్లోనూ కొలిచింది. చిక్కటి నుంచి పలచటికి కొలిస్తే పాత అంకె, అచ్చంగా అదే. పలచటి నుంచి చిక్కటికి కొలిస్తే నాలుగింతలు. రెండు గీతలూ ఒకే కాగితం మీద గీసి సారు బల్లమీద పెట్టింది. "తప్పు కడగడంలో లేదు సార్. నేను కొలిచిన వరసలో ఉంది."

సారు కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు. తెలివైనవాడు, రెండోసారి అడగలేదు.

"కరెక్టే" అన్నాడు. "మరి ఇప్పుడేం చేద్దామని? ఆ మందు ఆపేశారు. ఫైలు మూసేశారు. నువ్వు ఇది బయటపెడితే నీ ఉద్యోగం పోతుంది, ల్యాబు పరువు పోతుంది, పోయినవాళ్ళు మాత్రం తిరిగిరారు. మీ పెద్దమ్మకి ఎలాగూ పనిచేసే వయసు దాటిపోయింది." కాగితాన్ని మడిచి డ్రాయర్లో వేసి మూసేశాడు. "ఇంటికెళ్ళు. రెండు రోజులు సెలవు తీసుకో."

డ్రాయరు మూసుకున్నప్పుడు బుల్లికి ఊపిరి కాస్త తేలిగ్గా ఆడింది. దాచి లాభం లేదు, ఆడింది. చెప్పాల్సినచోట చెప్పాను, వినలేదు, నా తప్పేముంది అని మెట్లు దిగుతూ ఒక నిమిషం పాటు అనుకుంది. వీధి మలుపు తిరిగేసరికి ఆ నిమిషం మీద తనకే అసహ్యం వేసింది.

ఆ సాయంత్రం కంచం తీసుకుని పెద్దమ్మ ఎదురుగా కూర్చుంది. మొదటి చెంచా పెట్టింది. రెండోది ఎత్తింది గాని చెయ్యి ముందుకి సాగలేదు.

"పెద్దమ్మా, ఆ కువెట్లు సబ్బులో పడలేదు. నువ్వు శుభ్రంగానే కడిగావు. తప్పు నాది."

"ఊరుకోవే" అంది పెద్దమ్మ. "నా కోసం నీ మీద వేసుకోకు."

ఇలా అంటుందని బుల్లికి తెలుసు. శిఖరాలూ నిష్పత్తులూ చెబితే ఆవిడకి ఎక్కదు. అందుకని, "పెద్దమ్మా, ఒక తొట్టెలోనే నీళ్ళున్నాయనుకో" అంది. "అన్నిటికన్నా జిడ్డు మూకుడు ముందు ముంచాను. తర్వాత గిన్నె. తర్వాత కంచం. ఆ నీళ్ళలోనే చివరికి మంచినీళ్ళ గ్లాసు ముంచి తీసి, చూడండి ఈ గ్లాసుకి జిడ్డుంది అని రాసిచ్చాను."

పెద్దమ్మ చటుక్కున తలెత్తింది. "అదేంటే, గ్లాసులు ముందు కడగాలి కదా" అంది. అలవాటు మీద వచ్చిన మాట. అన్నాక ఆగిపోయింది. బుల్లి మొహంలోకి చూసింది. ఆవిడకి అర్థం కావడానికి ఎంతసేపు పట్టిందో బుల్లి లెక్కపెట్టలేదు గాని, అంత పొడుగు క్షణం అంతకుముందు ఎరగదు.

"అయితే నా చేతులు కావన్నమాట."

"కావు పెద్దమ్మా."

"నీకెప్పుడు తెలిసింది?"

ఇవాళే అనవచ్చు. ఇవాళే కదా మళ్ళీ కొలిచింది, పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఆ రోజే. నువ్వు గుమ్మం దగ్గర నిలబడి ఆలోచిస్తున్నప్పుడే."

పెద్దమ్మ చెయ్యి చాపి, బుల్లి చేతిలోంచి చెంచా తీసుకుంది. ఏడు నెలల తర్వాత ఆ చెయ్యి ఒక వస్తువుని ముట్టుకుంది. చెంచా జారలేదు. కంచం కూడా తన ఒళ్ళోకి లాక్కుంది. మెల్లిగా, ఆగి ఆగి, కంచంలో ఉన్నదంతా తనే తినేసింది. ఎన్ని రాత్రులు బుల్లి ఇది చూడాలని కోరుకుందో. ఇప్పుడు చూస్తుంటే ఎదురుగా కూర్చోవడానికి కూడా ధైర్యం చాలలేదు.

"ఏడు నెలలు నా నోట్లో ముద్ద పెట్టావు" అంది పెద్దమ్మ తిన్నాక. కోపంగా కాదు, లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది. "పూటకి ముప్పావుగంట ఎదురుగా కూర్చున్నావు. ఏ పూటా నీకు నోరు రాలేదా?"

బుల్లి ఏడ్చింది. పెద్దమ్మ దగ్గరికి తీసుకోలేదు. చిన్నప్పట్నుంచి ఆవిడ ముందు ఏడిస్తే దగ్గరికి తీసుకోకపోవడం అదే మొదటిసారి.

"ల్యాబు కాగితాల సంగతి నీ చదువుకి తెలుస్తుంది, నువ్వు చూసుకో" అంది పెద్దమ్మ లేస్తూ. "రేపు పొద్దున్నే ఆ తల్లి దగ్గరికి వెళ్దాం. నా మాట అబద్ధమైపోయింది. అది నేను వెనక్కి తీసుకోవాలి. నీది నువ్వు చెప్పుకోవాలి."

పొద్దున రెండు బస్సులు మారి వెళ్ళారు. పెద్దమ్మ తన చేతి సంచీ తనే పట్టుకుంది. ఇరుకు వీధిలో మూడు మెట్ల ఇల్లు. ఆ తల్లి స్కూలు బస్సు నడుపుతుంది. పిల్లల్ని దింపేసి అప్పుడే వచ్చినట్టుంది, డ్రైవరు చొక్కా ఇంకా విప్పలేదు. పెద్దమ్మని చూసి, "మళ్ళీ వచ్చారేంటండీ" అంది నెమ్మదిగానే.

బుల్లి ముందుకొచ్చి చెప్పింది. ఎక్కడా తడుముకోలేదు, ఏదీ తగ్గించలేదు. వరస తప్పడం, మూడుసార్లూ అదే అంకె రావడం, విచారణ గదిలో నోరు మూసుకోవడం, ఆ తర్వాత ఏడు నెలలు. ఆ తల్లి తలుపు రెక్క పట్టుకుని చివరిదాకా విన్నది.

"ఆ రోజు కోపం లేదన్నాను గాని, ఈవిడ వెళ్ళాక నేను మూడు రాత్రులు కన్ను మూయలేదు" అంది. "తిట్టుకున్నా, శాపాలు పెట్టా. ఆఖరికి, పోనీలే, ముసలావిడ, చెయ్యి జారింది అని మనసుని ఎలాగో నొక్కిపెట్టుకున్నా. మీకు చెప్పినా తెలియదు అదెంత కష్టమో. ఆ తర్వాతే కాస్త నిద్రపడుతోంది. పిల్లలున్న బస్సు నడపాలి కదండీ నేను, నిద్రలేకపోతే ఎలా. ఇప్పుడు మీరొచ్చి, ఈవిడ కాదు, నేను, తెలిసీ చెప్పలేదు అంటున్నారు. అంటే నేను మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాలా?"

బుల్లి ఒక మెట్టు కిందికి దిగింది.

"ఒక్కసారికే నా ప్రాణం పోయింది. ఇంకోసారి నావల్ల కాదు." పెద్దమ్మ వైపు తిరిగింది. "మీరు లోపలికి రండి. ఊరికే బాధపడ్డారు ఇన్నాళ్ళు."

పెద్దమ్మ మెట్లెక్కింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది, వెనక్కి మాత్రం తిరగలేదు. తలుపు మూసుకుంది. గట్టిగా వేయలేదు, ఇంట్లోకి దుమ్ము రాకుండా వేసుకున్నట్టు వేశారు. బుల్లి కింది మెట్టు మీద కూర్చుంది. లోపల ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. బయటికి మాటలు తెలియడం లేదు. చాలాసేపటికి కూడా ఎవరూ ఆమెని లోపలికి రమ్మనలేదు, వెళ్ళిపొమ్మనీ అనలేదు.